సుబాబుల్, జామాయిల్ తోట అమ్మబోతున్నారా? ధర అడిగే ముందు ఈ లెక్క వేసుకోండి

సంక్రాంతి వెళ్లగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. కందుకూరు వైపు నుంచి, కనిగిరి, పామూరు నుంచి, అటు కావలి, ఉదయగిరి దాకా అడిగేది ఒకటే. "అన్నా, కర్ర టన్ను ఎంతుంది ఇప్పుడు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "ఎక్కడ ధర? తోటలోనా, మిల్లు గేటు దగ్గరా? బెరడుతోనా, బెరడు తీసా?" అవతల కాసేపు మాట వినపడదు. ఒక్కొక్కళ్లకి ఫోన్‌లో చెప్పి అలిసిపోయాను కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఈ రోజు ధర ఇంత అని ఇందులో రాయడం లేదు. నేను రాసింది మీరు చదివేలోపు అది మారుతుంది. ఆ రోజు ధరలో మీ చేతికి ఎంత రావాలో, వచ్చిందో లేదో చూసుకోవడం ఎలాగో చెబుతాను. ఇరవై ఏళ్లలో నేను చూసినంతవరకు రైతు నష్టపోయేది ధర పడిపోవడం వల్ల కొంత, కాటా దగ్గర, తరుగు (కొనేవాళ్లు తూకంలోంచి కోసుకునేది) దగ్గర, ఆలస్యం దగ్గర ఎంతో.

మన కర్ర ఎక్కువగా వెళ్లేది కాగితం మిల్లులకే. ఒకటి రాజమండ్రిలో, ఇంకొకటి భద్రాచలం పక్కన సారపాకలో. రెండూ ఒంగోలు నుంచి సుమారు 300 కిలోమీటర్లు. రామాయపట్నంలో మిల్లు వస్తుందని 2019 జనవరిలో శంకుస్థాపన చేసినప్పుడు మేమంతా ఎగిరి గంతేశాం. ఆ మిల్లు రాలేదు. కాబట్టి మన ధరలో లారీ బాడుగ ఎప్పుడూ కూర్చునే ఉంటుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రెవెన్యూ కాగితం), తోట నమోదైన అడంగల్ (ఏ పొలంలో ఏ పంట ఉందో చెప్పే రికార్డు), ఆధార్, బ్యాంకు పుస్తకం, వీటన్నిటికీ మూడేసి జిరాక్సులు. దర్జీ వాడే టేపు ఒకటి, యాభై అడుగుల టేపు ఒకటి. చెట్లకు గుర్తు పెట్టడానికి సున్నం గానీ పెయింటు గానీ. వేలాడదీసే కాటా (పత్తి, మిరప కొనేవాళ్ల దగ్గర ఒక పూటకి అడిగి తెచ్చుకోవచ్చు). ఒక నోటు పుస్తకం. కటింగ్ జరిగినన్నాళ్లూ తోటలో ఉండగలిగిన ఇంటి మనిషి ఒకరు. ఈ చివరిది లేకపోతే పైవన్నీ ఉన్నా లాభం లేదు.

1. మీ చెట్టు ఏ లెక్కలోకి వస్తుందో తేల్చుకోండి

పట్టా భూమిలో వేసిన సుబాబుల్, జామాయిల్, సరుగుడు కర్రకి అటవీ శాఖ రవాణా పర్మిట్ నుంచి మినహాయింపు ఉంది. అయినా ప్రతి లోడుతోనూ పాసుపుస్తకం జిరాక్సు, మీ ఫోన్ నంబరు రాసిన చీటీ డ్రైవరుకిచ్చి పంపండి. చెక్‌పోస్టు దగ్గర గంటలకొద్దీ ఆగే పని తప్పుతుంది.

గట్టు మీది టేకు సంగతి వేరు. టేకు లాంటి కలప చెట్లకి ముందు అనుమతి, తర్వాతే గొడ్డలి. దీనికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచి ఉంది. అటవీ రేంజి ఆఫీసులో దరఖాస్తు పెడితే, భూమి మీదేనని రెవెన్యూ వాళ్లు చెప్పాక, చెట్లు చూసి గుర్తు వేస్తారు, పర్మిట్ ఇస్తారు. కోసేసి తర్వాత అనుమతికి వెళ్తే కేసు పెట్టించుకోవడానికి వెళ్లినట్టే.

జాగ్రత్త: ఉదయగిరి, రాపూరు కొండల దాపున పొలాలున్నవాళ్లకి మరీ మరీ చెబుతున్నాను. గట్టున ఒక్క ఎర్రచందనం చెట్టున్నా, అది మీరు నాటిందే అయినా, మిగతా తోటతో కలిపి కోయించకండి. కూలీలకి చూపించి, చుట్టూ సున్నం పూయించి, దాని జోలికి వెళ్లొద్దని చెప్పండి. ఆ దుంగ ఒక్కటి లోడులో దొరికితే లారీ, కర్ర, మీరు ముగ్గురూ ఇరుక్కుంటారు.

2. తోటలో ఎన్ని టన్నులుందో మీరే కట్టండి

దళారి తోటలో అడుగుపెట్టకముందే ఇది అయిపోవాలి. అరపూట పని.

ముందు చెట్లు లెక్కపెట్టండి. నాటినన్ని కాదు, నిలబడి ఉన్నన్ని. తర్వాత వరసల వెంట నడుస్తూ ప్రతి నూట యాభయ్యో చెట్టుకి సున్నం గుర్తు పెట్టండి. బాగున్న చెట్టును ఏరుకోవద్దు, లెక్కకి ఏది వస్తే అదే. గట్టు వరస మాత్రం వదిలేయండి. అక్కడ ఎండ, గాలి ఎక్కువ తగిలి చెట్లు లావెక్కుతాయి. వాటిని చూసి కట్టిన అంచనా ఎప్పుడూ పైకి తేలుతుంది, ఆ తర్వాత దళారి మోసం చేశాడని ఊరికే అనుమానపడతాం.

గుర్తు పెట్టిన పది చెట్లు కోయించి, మిల్లుకి వెళ్లే లావున్న కర్ర మటుకే తూచండి. కొమ్మా రెమ్మా వద్దు. ఉదాహరణకి పది చెట్లు కలిపి 260 కిలోలు తూగాయనుకోండి. చెట్టుకి 26 కిలోలు. ఎకరంలో 1,500 చెట్లుంటే 39,000 కిలోలు, అంటే 39 టన్నులు.

ఇప్పుడు ఒకాయన వచ్చి "ఎకరం లక్షకి గుత్తగా ఇచ్చెయ్ బాబాయ్, కోతా బాడుగా అన్నీ మావే" అంటాడు. లక్ష అనే మాట చెవికి ఇంపుగా ఉంటుంది. లక్షని 39తో భాగించండి. టన్నుకి 2,564 రూపాయలు. అదే రోజు తోటలో టన్ను 4,000కి కొనేవాడుంటే ఆ ఎకరం 1,56,000. ఆ పది చెట్లు కోయకపోతే ఈ 56,000 తేడా మీకు కనపడదు.

గుత్త ఎప్పుడూ తప్పనడం లేదు. మీరు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి, తోట దగ్గర నిలబడే మనిషి లేకపోతే గుత్తే మేలు. అప్పుడు కూడా ఈ అంచనా చేతిలో పెట్టుకుని బేరమాడండి.

3. మూడు చోట్ల ధర అడిగి, ఒకే చోటికి దించండి

ఒక దళారిని, ఒక కర్ర డిపోని, కుదిరితే మిల్లు తరఫున తిరిగే మనిషిని అడగండి. వ్యవసాయ మార్కెట్ కమిటీలోనూ, ఈ నెలలో తోట కోయించిన పక్క ఊరి రైతునూ అడగండి. అందరికంటే నిజం చెప్పేది ఆ రైతే. ఆయన్ని "ఎంతకి అమ్మావు" అని కాదు, "టన్నుకి చేతికి ఎంతొచ్చింది" అని అడగండి.

వచ్చిన ధరలన్నిటినీ తోట ధరగా మార్చి పోల్చండి. లెక్క తెలియడానికి గుండు అంకెలు వేస్తున్నాను, ఇవి నేటి ధరలు కావు.

మిల్లు గేటు ధర 6,500 అన్నారు. కోత, బెరడు తీత టన్నుకి 1,000. లోడింగు 250. లారీ 1,300. మిగిలింది 3,950. గేటులో రెండు శాతం తరుగు తీస్తే ఇంకో 130 పోయింది, 3,820. పక్కనే ఇంకొకాయన "తోటలో 4,000, ఖర్చులన్నీ నావి" అన్నాడు. 6,500 అన్నాయన కంటే 4,000 అన్నాయనే ఎక్కువ ఇస్తున్నాడు.

ఇది రివర్సులో కూడా జరుగుతుంది. సొంత ట్రాక్టరు, ఇంటి మనుషులు ఉన్నవాళ్లకి గేటు ధరే లాభం. ఎవరి లెక్క వాళ్లది.

ధర అడిగేటప్పుడు ఈ నాలుగు మాటలు వదలొద్దు: బెరడుతోనా లేకుండానా, ఎంత సన్న కర్ర దాకా తీసుకుంటారు, ఎంత పొడవు ముక్కలు కావాలి, తరుగు ఎంత. లావు మాట ముందు తేలకపోతే సన్న కర్రంతా చివర్లో "ఇది పనికిరాదు" అని మీ పొలంలోనే పడేసి పోతారు.

4. ఒప్పందం కాగితం మీద పెట్టండి

తెల్లకాగితమైనా చాలు. టన్ను ధర, తరుగు శాతం, ఏ కాటాలో తూకం, కోత ఎవరిది, ఏ తేదీలోపు తోట ఖాళీ చేయాలి, ఏ లోడు డబ్బు ఎప్పుడు, గట్టుకీ డ్రిప్పు పైపులకీ దెబ్బ తగిలితే ఎవరు బాగుచేయించాలి. ఇద్దరి సంతకాలు, ఒక సాక్షి. బయానా బ్యాంకులో వేయించుకోండి.

మార్కెట్ సెస్ (మార్కెట్ కమిటీ రుసుము) అని మీ అమ్మకం పట్టీలోంచి కోస్తే అడగండి. అది కొన్నవాడు కట్టాల్సింది, అమ్మినవాడు కాదు.

ఖాళీ చేయాల్సిన తేదీ రాయకపోతే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. ఒక ఏడు ధర బాగుందని కార్తీకంలో కోతకి ఇచ్చాను. సగం కోశారు, ముసురు పట్టింది. మాది నల్లరేగడి, లారీ కాదు కదా ట్రాక్టరు కూడా దిగలేదు. వాన వెలిశాక కొన్నాయన వేరే ఊళ్లో తోట పట్టుకుని మా వైపు రావడం మానేశాడు. కోసిన కర్ర రోడ్డు పక్కన ఎండుతూ పడి ఉంది. అప్పుడు ఉక్రోషం కొద్దీ ఒక దుంగని ఇంటికి తెచ్చి తూచాను. మొదటి రోజు 42 కిలోలు. తొమ్మిదో రోజు 37. చిటికెన వేలు దూరేంత పగులు కూడా వచ్చింది కొసన. ఆ ఐదు కిలోలు నీళ్లే, కానీ నేను అమ్ముకోవాల్సిన నీళ్లు.

5. కోత రోజుని లారీ రోజుతో కట్టండి

పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీరే. బరువుకి అమ్మేవాడు కోసిన రెండు మూడు రోజుల్లో కాటా ఎక్కించాలి. బెరడు తీసిన కర్ర ఇంకా తొందరగా ఎండుతుంది. అందుకని లారీ ఖాయమయ్యాకే గొడ్డలి పట్టించండి, ఒక లోడుకి ఎంత కావాలో అంతే కోయించండి. జామాయిల్ బెరడు కోసిన రోజే తీయించండి. ఆ రోజు అరటితొక్కలా ఊడి వస్తుంది, నాలుగు రోజులాగితే కూలి రెట్టింపు.

మన దగ్గర ఈశాన్య రుతుపవనం కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య రేగడి పొలాల్లో కోత పెట్టుకోకండి. తీరం వెంబడి ఇసుక నేలల్లో సరుగుడు ఉన్నవాళ్లకి వానతో అంత ఇబ్బంది లేదు, అయితే లారీ ఇసుకలో దిగబడుతుంది. ట్రాక్టరుతో రోడ్డు దాకా తేవాలి, ఆ కూలీ లెక్కలో వేసుకోండి. సరుగుడు రైతులకి ఇంకో దారి కూడా ఉంది. తిన్నగా పెరిగిన కర్రని సెంట్రింగ్ వాళ్లకీ పందిళ్ల వాళ్లకీ కర్రల లెక్కన అమ్ముకోండి. వంకరది, సన్నది టన్నుల్లో పంపండి. అన్నీ కలిపి తూకానికి వేస్తే మంచి కర్ర కూడా వంకర కర్ర ధరకే పోతుంది.

కొమ్మలు, సన్న కర్ర పారేయొద్దు. పొగాకు బ్యారన్లు (ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే గదులు) మండే రోజుల్లో, అంటే జనవరి నుంచి మార్చి దాకా, కట్టెలకి మంచి గిరాకీ. ఇటుక బట్టీలు కూడా కొంటాయి. అయితే అప్పుడే కూలీలంతా పొగాకు పనికి వెళ్తారు, కోత కూలీల ముఠాని ముందే మాట్లాడుకోండి.

జాగ్రత్త: తోట మీదుగా కరెంటు తీగలుంటే లైన్‌మన్‌కి చెప్పి సరఫరా ఆపించాకే ఆ వరసలు కోయించండి. ఇందులో బేరం లేదు.

6. నరికే చోట నిలబడండి

ముఠాకి వంగడం బద్ధకం. మోకాలి ఎత్తులో కోసుకుంటూ పోతారు. చెట్టులో అన్నిటికంటే లావూ బరువూ ఆ కింది జానెడే. నేల నుంచి నాలుగైదు అంగుళాల్లో, నీళ్లు జారిపోయేలా కొంచెం ఏటవాలుగా కోయించండి. బెరడు చీలకూడదు. సుబాబుల్, జామాయిల్ మళ్లీ మొద్దు నుంచే పిలకలేస్తాయి కాబట్టి ఈ కోత మీద వచ్చే పంట కూడా ఆధారపడి ఉంది.

7. కాటా దగ్గర

ఇక్కడ తొందరపడొద్దు, మొహమాటం అసలే వద్దు.

లారీని మీ ఎదురుగా, అదే రోజు, అదే కాటాలో ఖాళీగా తూయించండి. "బండి ఖాళీ తూకం పుస్తకంలో ఉందిలే" అంటే ఒప్పుకోకండి. ఖాళీ తూకం ఎంత పెరిగితే మీ కర్ర అంత తగ్గుతుంది. 200 లీటర్ల డీజిల్ బరువు సుమారు 165 కిలోలు. ట్యాంకు నిండా ఉన్నప్పుడు, స్టెప్నీ, నీళ్ల డ్రమ్ము, తడిసిన టార్పాలిన్ పట్టా, డ్రైవరు, క్లీనరు అందరూ బండి మీద ఉన్నప్పుడు ఖాళీ తూకం వేసి, లోడుతో తూచేటప్పుడు అవి దించేస్తే మూడు నాలుగు వందల కిలోలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. ఖాళీ బండిని ఫోన్‌లో ఫోటో తీసుకోండి, లోడు తూకంలో అవే వస్తువులు, అందరూ అలాగే ఉండాలి.

బండి ఎక్కకముందు అంకె సున్నా చూపిస్తోందా? చక్రాలన్నీ పలక మీదే ఉన్నాయా? వేబ్రిడ్జికి తూనికలు కొలతల శాఖ ఏటా పరీక్ష చేసి ఇచ్చే ధృవపత్రం గోడ మీదుందా? లేకపోతే అడగండి. అనుమానముంటే మొదటి లోడుని దారిలో ఇంకో కాటాలో కూడా తూయించండి. ఆ కాటా రుసుము దండగ అనుకోకండి. రెండు కాటాల మధ్య ఇరవై ముప్పై కిలోల తేడా మామూలే, రెండు వందలుంటే ఒకటి తప్పు చెబుతోంది.

చీటీ మీద బండి నంబరు, తేదీ, సమయం, ఖాళీ, లోడు, నికరం అన్నీ అచ్చులో ఉండాలి. పెన్నుతో దిద్దిన చీటీ తీసుకోవద్దు.

8. దుంగల్లో అమ్మేవాళ్లకి

టేకు, వేప, తుమ్మ లాంటివి కలప అడితిలోనూ కోతమిల్లులోనూ ఘనపుటడుగుల్లో కొంటారు. కొలత ఇలా: దుంగ మధ్యలో చుట్టుకొలత అంగుళాల్లో తీసి, నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగించాలి.

చుట్టు 40 అంగుళాలు, పొడవు 10 అడుగులు. 40ని నాలుగుతో భాగిస్తే 10. పదిపదులు వంద, పొడవు 10తో వెయ్యి. 144తో భాగిస్తే 6.94 ఘనపుటడుగులు.

గుండ్రని దుంగలో అసలున్న చెక్క దాదాపు 8.84. ఈ పద్ధతిలోనే కోత వృథా ముందే తీసేసి ఉంది. అందుకని దీని మీద మళ్లీ "కోతలో పోతుంది" అని పది శాతం తీస్తానంటే, రెండుసార్లు తీస్తున్నట్టు. బెరడుకి, తొర్రకి, తెల్లచెక్కకి తగ్గించమంటే అది వేరే మాట, దుంగ చూసి ఒప్పుకోవచ్చు. చేవ (లోపలి గట్టి చెక్క) ఎంతుందో కొస మీద నీళ్లు చల్లి చూస్తే రంగు తేడా తెలుస్తుంది.

టేపుని గట్టిగా లాగి 40కి బదులు 38 చదివితే? 6.27 వస్తుంది. రెండే రెండు అంగుళాలు, పదో వంతు కర్ర మాయం. టేపు కొస మీరు పట్టుకోండి. అలాగే చెక్కకి అడగబోయే పొడవు కంటే మూడు నాలుగు అంగుళాలు ఎక్కువుండేలా కోయించండి, కొసలు పగిలినా కొలత తగ్గదు. వెంటనే అమ్మకపోతే కొసలకి పెయింటు గానీ, పేడ కలిపిన బంకమట్టి గానీ పూసి, నేలకి తగలకుండా మొద్దుల మీద నీడలో పేర్చండి. వీటిని ఎండనివ్వొచ్చు, కొనేది బరువుకి కాదు.

9. డబ్బు

మొదటి రెండు లోడ్ల డబ్బు ఖాతాలో పడ్డాకే మూడో లోడు కదలనివ్వండి. "అన్నీ కలిపి చివర్లో" అనే మాటకి ఒప్పుకుంటే చివరి లోడు వెళ్లాక ఫోన్ ఎత్తరు. బంధువు ద్వారా వచ్చిన దళారికి కూడా ఇదే పద్ధతి. అలాంటివాళ్ల దగ్గరే నేను ఎక్కువ పోగొట్టుకున్నాను, గొడవ పడటానికి నోరు రాలేదు కాబట్టి.

అంతా అయ్యాక సరిచూసుకోవడం

నోటు పుస్తకంలో ప్రతి లోడుకీ ఒక వరస రాయండి: తేదీ, బండి నంబరు, ఖాళీ, లోడు, నికరం, తరుగు, వచ్చిన డబ్బు. మొత్తం నికరాన్ని మొదట్లో వేసిన అంచనాతో పోల్చండి. 39కి 36 వస్తే సరే, చెట్లు ఒకేలా ఉండవు. 32 వస్తే ఎక్కడో కారింది. ఈ వరసలో వెతకండి: పొలంలో మిగిలిన మొద్దుల ఎత్తు, పడేసిపోయిన సన్న కర్ర, కోతకీ కాటాకీ మధ్య రోజులు, ఖాళీ తూకాలు. ఒకే లారీ రెండు లోడ్లకి వస్తే దాని ఖాళీ తూకం రెండుసార్లూ దగ్గరగా ఉండాలి. ఒకసారి 10,200, ఇంకోసారి 10,650 ఉంటే చీటీలు పట్టుకుని వెళ్లి కూర్చోండి. ఒకసారి నేను అలా కూర్చుంటే పెద్ద మాటలేమీ లేకుండానే ఒక లోడుకి తేడా డబ్బు వేశారు.

మొత్తం డబ్బుని మొత్తం టన్నులతో భాగించి ఆ అంకెని పుస్తకం అట్ట మీద పెద్దగా రాసిపెట్టండి. వచ్చే కోతకి బేరం అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఇక తోటలోకి వెళ్లి మొద్దుల చుట్టూ పడిన తుక్కు లాగించండి. చుట్టూ చిల్ల (ముళ్ల) కంప వేయించండి, లేత పిలక కనపడితే మేకలు వదలవు. ఆర్నెల్లకి మొద్దుకి రెండు మంచి పిలకలు ఉంచి మిగతావి కోసేయండి. సరుగుడు వేసినవాళ్లకి ఈ ఆశ లేదు, మొక్కకి మళ్లీ నర్సరీకే వెళ్లాలి.